ఫైల్లో ‘పల్నాడు’ ఎన్నిసార్లు?

ఒక ఫైల్లో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో చిన్న స్క్రిప్టు క్షణంలో లెక్కపెడుతుంది. యూనిక్స్‌లో 1970ల తొలినాళ్లలో పుట్టిన గ్రెప్, డబ్ల్యూసీ ఆదేశాలు ఇప్పటికీ ఈ పనికి వాడుకలో ఉన్నాయి. గ్రెప్ వెతుకుతుంది, డబ్ల్యూసీ లెక్కిస్తుంది.

కొత్తవారు తరచూ తడబడేది గ్రెప్‌కు ‘మైనస్ సి’ తగిలించినప్పుడు. అది లెక్కపెట్టేది మాటల్ని కాదు, ఆ మాట ఉన్న వరుసల్ని. ‘నరసరావుపేట నుంచి మాచర్లకు, మాచర్ల నుంచి నరసరావుపేటకు’ అన్న వరుసలో ఊరి పేరు రెండుసార్లున్నా జవాబు ఒకటే వస్తుంది. ‘మైనస్ ఓ’ ఇస్తే దొరికిన ప్రతి మాటా విడి వరుసగా వస్తుంది. ఆ వరుసల్ని డబ్ల్యూసీకి అందించి ‘మైనస్ ఎల్’ అడిగితే రెండు అని సరిగ్గా చెబుతుంది.

తెలుగు ఫైళ్లలో అసలు చిక్కు వేరే ఉంది. కంటికి ‘నరసరావుపేట’ ఏడక్షరాలు. గుణింతపు గుర్తులు విడిగా నమోదవుతాయి కనుక యూనికోడ్‌లో అది పది సంకేతాలు, యూటీఎఫ్-8 ఫైల్లో ముప్పై బైట్లు. యంత్రం పోల్చేది ఈ సంకేతాలనే, అర్థాన్ని కాదు. అందుకే ‘రావు’ అని వెతికితే ఊరి పేరులోని రావూ లెక్కలో చేరుతుంది. పాత ‘అను’ ఫాంట్లలో కొట్టిన వ్యాసమైతే తెరమీద తెలుగే కనిపించినా లోపలి సంకేతాలు వేరు. యూనికోడ్‌లో వెతికితే సున్నా వస్తుంది.

విభక్తులది మరో తంటా. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన జిల్లా పేరు పల్నాడు. ఆ మాటను వెతికితే ‘పల్నాడులో’ చిక్కుతుంది గానీ, ‘పల్నాటి వీరచరిత్ర’ జారిపోతుంది. డకారం టకారంగా మారింది మరి! ‘పలనాడు’ అని రాసేవారూ ఉన్నారు. అందుకే పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతకాల్సిన మాట నమూనా) రాసేటప్పుడు ‘పల్నా’ వరకే ఉంచి, పొల్లు పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. పొల్లు ఉన్నా లేకున్నా సరే అని దానర్థం. అప్పుడు అన్ని రూపాలూ ఒకే లెక్కలోకి వస్తాయి.

అంకె రాగానే నమ్మేయకూడదు. దొరికిన వరుసల్లో కొన్నింటినైనా తెరమీద చదివి చూశాకే ఆ లెక్కను వాడుకోవాలి.