కొవ్వు తూటా వెనుక సీసపు గుండు

1857 తిరుగుబాటు అనగానే కొవ్వు పూసిన తూటాలు గుర్తొస్తాయి. తూటాకు అసలు కొవ్వెందుకు పూయాల్సి వచ్చిందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. అప్పటి తుపాకులను మూతి నుంచే నింపాలి. ముందు మందు, దానిమీద గుండు వేసి కడ్డీతో దట్టించాలి. చిక్కంతా ఆ గుండు సైజుతోనే వచ్చింది.

సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కట్టెల పొయ్యి, ఇనుప గరిటె, మూస ఉంటే గుండ్లు పోసుకోవచ్చు. మూస అంటే పటకారులా తెరుచుకునే రెండు దిమ్మెలు. ఒక్కోదానిలో అరగోళం తొలిచి ఉంటుంది. మూస చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి. అందుకే మొదటి కొన్నింటిని మళ్లీ కరిగించేస్తారు. చల్లారేటప్పుడు సీసం కుంచించుకుపోతుంది కాబట్టి పోసే రంధ్రం మీద కాస్త ఎక్కువే నిలబెట్టాలి. లేకపోతే లోపల బోలు పడి, గుండు దారి తప్పుతుంది. పైన మిగిలిన తోకను కత్తిరించాలి. ఇప్పటి అల్యూమినియం మూసలకు ఆ తోకను కోసే పలక పైనే అమర్చి ఉంటుంది. మిగతా పనేమీ మారలేదు, ప్రమాదమూ మారలేదు: కరిగిన సీసంలో నీటి చుక్క పడితే ఒక్కసారిగా చిమ్ముతుంది, దాని ధూళి ఒంట్లో చేరితే విషం.

తుపాకి కొలత కూడా ఈ పోత నుంచి వచ్చిందే. ఒక పౌను సీసంతో సమానంగా 12 గుండ్లు పోస్తే, అందులో ఒకటి పట్టే గొట్టం 12 బోర్.

అయితే గుండు గొట్టానికి బిగువుగా సరిపోతే కష్టం. కాల్చేకొద్దీ లోపల మసి పేరుకుంటుంది. ఈస్టిండియా కంపెనీ సిపాయిల 'ఇండియా ప్యాటర్న్' మస్కెట్ గొట్టం లోపలి వ్యాసం దాదాపు 19 మిల్లీమీటర్లు, గుండు దాదాపు 17.5. మసి పట్టినా గుండు జారుతూ దిగేది. కానీ బయటికి పోయేటప్పుడు గోడలకు కొట్టుకుంటూ పోయేది. వంద గజాలు దాటితే గురి దైవాధీనం. రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులుంటాయి. అవి గుండును గిర్రున తిప్పాలంటే సందు ఉండకూడదు. అందుకని జిడ్డు గుడ్డలో గుండును చుట్టి బలంగా దట్టించేవారు. వేటకు ఫర్వాలేదు, యుద్ధంలో అంత తీరిక ఎక్కడిది?

1849లో ఫ్రెంచ్ సైనికాధికారి మినియే దారి చూపాడు. అడుగున బోలు ఉన్న కోల గుండు వదులుగా దిగుతుంది, మందు పేలగానే అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. అలా విచ్చుకోవాలంటే సీసం మెత్తగా, కల్తీ లేకుండా ఉండాలి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఈ తరహాదే. దాని గుండ్లను పోత పోయలేదు, యంత్రాలతో నొక్కి చేశారు. గుండుకీ గొట్టానికీ తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. ఆ సందులోనే చుట్టిన కాగితమూ, మసీ. జిడ్డు లేకుండా కడ్డీ దిగదు.

కాగితాన్ని పళ్లతో కొరికి మందు పోయడం పాత అలవాటే. ఇప్పుడు ఆ కాగితానికి కొవ్వు ఉంది. అది ఆవుదా, పందిదా అన్న అనుమానం 1857 జనవరిలో డమ్‌డమ్‌లో మొదలై దండుల్లో పాకింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది అశ్వికులు తూటాలు ముట్టబోమన్నారు. నిజానికి వాళ్లకు ఇచ్చినవి ఎన్‌ఫీల్డ్‌వి కావు, ఎప్పటినుంచో వాడుతున్నవే. అప్పటికి ఎవరూ ఆ మాట నమ్మే స్థితిలో లేరు.

1859లో బ్రిటిష్ సైన్యం గుండు వ్యాసాన్ని 14.4 నుంచి 14 మిల్లీమీటర్లకు తగ్గించింది. కొవ్వు బదులు తేనెమైనం పూసింది.