బంగారు బొట్టు నడిపిన తీగ

1940ల చివర్లో అమెరికాలో బెల్ టెలిఫోన్ సంస్థ పరికరాలు కొన్ని ఉన్నట్టుండి మొరాయించాయి. విప్పి చూస్తే, తుప్పు పట్టకుండా కాడ్మియం పూత పూసిన భాగాల మీద సన్నటి లోహపు వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. అవి పక్క భాగాన్ని తాకి షార్ట్ సర్క్యూట్ చేస్తున్నాయి. తగరం, జింకు పూతల మీద కూడా అవే కనిపించాయి. ఇంజనీర్లు వాటిని విస్కర్లు, అంటే మీసాలు అన్నారు. వాటిని ఎలా వదిలించుకోవాలన్నదే అప్పటి సమస్య.

తగరం మెత్తటి లోహం. వంచితే వంగి అలాగే ఉండిపోతుంది. అదే తగరపు మీసాన్ని 1952లో బెల్ ల్యాబ్స్‌లోని హెరింగ్, గాల్ట్ వంచి వదిలితే అది తిరిగి నిటారుగా లేచింది. మామూలు లోహంలో పరమాణువుల వరసలు అక్కడక్కడ తప్పి ఉంటాయి. ఆ తప్పిన చోట్ల వరసలు జారడం వల్లే లోహం సులువుగా వంగుతుంది. మీసంలో అలాంటి లోపాలు దాదాపు లేవు. పీడగా దాపురించినదాన్ని కావాలని పెంచాలన్న కోరిక అక్కడినుంచి బలపడింది.

మరి మీసం పొడవే ఎందుకు పెరుగుతుంది, లావు ఎందుకు ఎక్కదు? ఆ రోజుల్లో చాలామంది నమ్మిన జవాబు ఒకటుంది. స్ఫటికం నడుమ మరచుట్టు తిరిగిన ఒక లోపం ఉంటుందనీ, దాని వల్ల కొసన ఏర్పడే మెట్టు మీదే కొత్త పరమాణువులు చేరుతూ పోతాయనీ అనుకునేవారు. బెల్ ల్యాబ్స్‌లోనే ఆర్.ఎస్. వాగ్నర్, డబ్ల్యు.సి. ఎల్లిస్ సిలికాన్ మీసాల్లో వెతికితే ఆ మెలిక దొరకలేదు. దొరికినవి వేరే రెండు సంగతులు. పరాయి పదార్థం ఏదో ఒకటి కలిస్తేనే మీసాలు మొలుస్తున్నాయి. మొలిచిన మీసం కొసన చిన్న గుండ్రటి ముద్ద ఉంటోంది. మురికి అనుకుని వదిలేయగలిగిన ఆ ముద్దనే వాళ్లు పట్టుకున్నారు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఘట్టం ఇదే.

సిలికాన్ పలక మీద బంగారు రేణువు పెట్టి, 950 డిగ్రీల సెల్సియస్ వేడిలో హైడ్రోజన్‌తో పాటు సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని దాని మీదుగా పంపారు. రేణువు కింద సిలికాన్ స్తంభం లేచింది. బంగారాన్ని తలమీద మోసుకుంటూ పెరిగింది. 1964లో అచ్చయిన వాళ్ల చిన్న పత్రం దానికి కారణం చెప్పింది.

బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సిలికాన్ 1414 డిగ్రీల దగ్గర. రెండూ సరైన పాళ్లలో కలిస్తే మాత్రం 363 డిగ్రీలకే ద్రవమైపోతాయి. నగలు అతికే కంసాలికి ఈ కిటుకు కొత్త కాదు. బంగారంలో వెండి, రాగి కలిపి చేసిన టంకం నగ కంటే ముందే కరుగుతుంది. కొలిమిలో బంగారు రేణువు కూడా కింది సిలికాన్‌ను కొంత తనలో కలుపుకుని బొట్టవుతుంది. పైనుంచి ఆవిరిలోని సిలికాన్ ఆ బొట్టులోకి దిగుతుంది. బొట్టు పట్టగలిగినంత పట్టాక, మిగిలింది అడుగున స్ఫటికమై పొర మీద పొరగా పేరుకుంటుంది. ఆవిరి నుంచి సిలికాన్ విడివడడం బొట్టు దగ్గర సులువు, పక్క గోడల మీద కష్టం. పొడవు పెరగడానికీ, లావు ఎక్కకపోవడానికీ కారణం అదే. బొట్టు ఎంత వెడల్పుంటే తీగ దాదాపు అంత మందం. ఆవిరి, ద్రవం, ఘనం అన్న మూడు మజిలీల ఇంగ్లిష్ పేర్ల తొలి అక్షరాలతో ఈ పద్ధతిని వీఎల్‌ఎస్ అంటారు.

బొట్టు ఎంత చిన్నదైతే తీగ అంత సన్నం. సూత్రం ఇంత తేటగా ఉన్నా నానోతీగలు రావడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. మిల్లీమీటరులో పది లక్షలో వంతు నానోమీటరు. అంత చిన్న బొట్లను వేడిలో విడివిడిగా నిలపడమే కష్టం, కలిసిపోయి పెద్దవైపోతాయి. 1990ల ఆరంభంలో జపాన్‌లో హిటాచీ పరిశోధకుడు హిరుమా బృందం గాలియం ఆర్సెనైడ్ తీగలను పదుల నానోమీటర్ల మందానికి దించింది. 1998లో హార్వర్డ్‌లో ఆల్ఫ్రెడో మొరాలెస్, చార్లెస్ లీబర్ ఇనుము కలిపిన సిలికాన్ దిమ్మను లేజర్‌తో ఆవిరి చేశారు. ఆ ఆవిరి చల్లారుతూ కొద్ది నానోమీటర్ల బొట్లు కట్టింది. వాటి నుంచి 6 నుంచి 20 నానోమీటర్ల మందం, వేల నానోమీటర్ల పొడవు ఉన్న సిలికాన్ తీగలు వచ్చాయి. మరీ సన్నని తీగలో ఎలక్ట్రాన్‌కు స్వేచ్ఛగా తిరగడానికి మిగిలేది పొడవు దిశ ఒక్కటే. వీటిని ఏకమితీయ పదార్థాలు అనేది అందుకే.

2001లో బర్క్‌లీలో పైడాంగ్ యాంగ్, యియింగ్ వూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపలే జెర్మేనియం తీగను పెంచి చూశారు. బంగారు రేణువు కరిగింది, ఉబ్బింది, దాని అంచు నుంచి తీగ మొలిచింది. వాగ్నర్, ఎల్లిస్ తర్కంతో చెప్పినది 37 ఏళ్లకు నానో స్థాయిలో కళ్లెదుట జరిగింది. అదే ఏడాది యాంగ్ బృందం జింక్ ఆక్సైడ్ నానోతీగలతో అతినీలలోహిత లేజర్ చేసి చూపింది. అందులో తీగ రెండు కొసలే అద్దాల పని చేశాయి.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన మహేంద్ర సుంకర కూడా 2001లోనే, అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో, మరో తలుపు తెరిచారు. బంగారానికి బదులు ఆయన బృందం గాలియం తీసుకుంది. అది 30 డిగ్రీల లోపే కరిగే లోహం, మన వేసవిలో సీసాలోనే ద్రవంగా ఉంటుంది. గాలియం సిలికాన్‌ను ఇముడ్చుకునేది చాలా తక్కువ కాబట్టి కొంచెం ఎక్కువైనా బయటికి నెట్టేస్తుంది. దాంతో ఒకే పెద్ద గాలియం బొట్టు నుంచి లెక్కలేనన్ని సన్నని తీగలు ఒక్కసారిగా మొలిచాయి. బొట్టుకు ఒక తీగ అన్న పాత లెక్క ఇక్కడ వర్తించలేదు.

లీబర్ బృందం నానోతీగను రసాయనాలను పసిగట్టే పరికరంగా మార్చింది. సన్నని తీగ మీద విద్యుదావేశం ఉన్న అణువులు వాలితే, వాటి ప్రభావం పైపొర దగ్గరే ఆగకుండా తీగ మందమంతా పాకుతుంది. తీగలో పారే కరెంటు మారుతుంది. 2004లో ఒక్కొక్క వైరస్ వచ్చి అంటుకోవడాన్నీ ఇలా కొలిచారు.

నానోతీగలతో కంప్యూటర్ చిప్పులు చేయాలన్న ఆశ మాత్రం వేరే దారిలో తీరింది. కోట్ల తీగలను వాటి వాటి స్థానాల్లో పెంచడం సాధ్యపడలేదు. పైగా బంగారం సిలికాన్‌లోకి చేరితే ట్రాన్సిస్టర్‌ను పాడుచేస్తుంది, చిప్పుల కర్మాగారాలు దాన్ని దగ్గరికి రానివ్వవు. 2022లో శామ్‌సంగ్ తయారీ మొదలుపెట్టిన 3 నానోమీటర్ల తరం ట్రాన్సిస్టర్లలో సిలికాన్ పలచటి పట్టీలుగా ఉంటుంది, కరెంటును అదుపు చేసే గేటు దాన్ని అన్ని వైపులా చుట్టుకుంటుంది. నానోతీగల మీద కన్న కల అదే. కానీ ఆ పట్టీలు మొలిచినవి కావు, పైనుంచి చెక్కినవి.

తీగ అన్నిటికంటే బాగా పనికొచ్చింది బ్యాటరీలో. లిథియం బ్యాటరీలో గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్ అవర్ల ఆవేశం పడుతుంది. సిలికాన్‌కు సిద్ధాంతపరంగా ఆ సంఖ్య 4200. అయినా దశాబ్దాల పాటు సిలికాన్ ఓడిపోతూనే వచ్చింది. లిథియం నిండితే దాని పరిమాణం నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. కొద్ది చార్జింగులకే పొడి పొడి అవుతుంది. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో యి త్సుయ్ బృందం స్టెయిన్‌లెస్ స్టీలు మీద నేరుగా సిలికాన్ తీగలను పెంచి ఎలక్ట్రోడ్ చేసింది. తీగకు చుట్టూ ఖాళీ ఉంది, ఉబ్బడానికి చోటు ఉంది. ఒక కొస లోహానికి అతుక్కుని ఉంది కాబట్టి కరెంటు దారి తెగదు. తీగలు లావెక్కాయి కానీ విరగలేదు.

ఆ పని నుంచి పుట్టిన ఆంప్రియస్ కంపెనీ 2022 నాటికి కిలోకు 450 వాట్ అవర్లు దాచే సెల్‌లు అందించింది. ఎయిర్‌బస్ వాళ్ల జెఫైర్ అనే మనిషి లేని సౌర విమానం ఆ కంపెనీ సెల్‌లతో ఎగిరింది. జెఫైర్ 2022లో 64 రోజులు దిగకుండా గాలిలో ఉంది. పగలు దాచిన కరెంటుతో రాత్రంతా ఎగరాల్సిన విమానంలో ప్రతి గ్రామూ లెక్కే, అక్కడ ధర ఎక్కువైనా ఫరవాలేదు. ఫోనుకూ కారుకూ చవకగా, టన్నుల కొద్దీ కావాలి. అక్కడ గ్రాఫైట్‌లో కొంచెం సిలికాన్ పొడి కలిపే పద్ధతే ఇప్పటికి ముందుంది.