బండి మోయగలిగినంతే

మా మదర్సాలో చదివి, నేడు అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన ఒక శిష్యుడు ఇటీవల మమ్మల్ని సలహా అడిగాడు. తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని దూర ప్రయాణాలు చేయడానికి అతను పెద్ద ట్రక్కు క్యాంపర్ కొనదలిచాడు. ట్రక్కు వెనుక తొట్టిలో అమర్చుకునే చిన్న ఇల్లు అది. పడకలు, పొయ్యి, స్నానాల గది అందులోనే ఉంటాయి. హలాల్ వంటకు, వుజూకు ఇబ్బంది ఉండదు. ఉన్న ట్రక్కే చాలునని, వెనుక భాగం కుంగితే గాలి సంచులు బిగించుకోవచ్చునని అమ్మకందారు చెప్పాడట.

ఒక అన్సారీ తోటలో ఒంటె దైవప్రవక్త (స)ను చూసి కన్నీరు కార్చిన ఉదంతం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆయన దాని తల నిమిరి, యజమానిని పిలిపించి, దాన్ని ఆకలితో ఉంచి అలసిపోయేలా చాకిరీ చేయిస్తున్నందుకు అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించారు. ట్రక్కు కన్నీరు కార్చలేదు. కాని మనుషులు, సామాను కలిపి అది మోయగలిగిన బరువెంతో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ చెబుతుంది. ఒకే రకం ట్రక్కయినా డీజిల్ ఇంజను, నాలుగు చక్రాల చోదనం, పెద్ద క్యాబిన్ చేరితే ఆ మేరకు మోసే శక్తి తగ్గుతుంది. అందుచేత ప్రకటనను కాదు, ఆ చీటీనే నమ్మాలి.

అతని చేత లెక్క వేయించాము. ఖాళీ క్యాంపర్ 1,600 కిలోలు. నీరు 190 లీటర్లు, అంటే 190 కిలోలు. గ్యాసు, బ్యాటరీలు, అదనపు అమరికలు 150. కుటుంబం 300. పాత్రలు, పరుపులు, ఆహారం 150. మొత్తం 2,390 కిలోలు. చీటీపై ఉన్నది దాదాపు 1,400! గాలి సంచులు కుంగిన వెనుక భాగాన్ని పైకి లేపుతాయే గాని ఇరుసుకు, టైర్లకు, బ్రేకులకు కొత్త బలం ఇవ్వవు.

ఇంతటి బరువుకు వెనుక ఒక్కో వైపు రెండేసి టైర్లుండే ఆరు చక్రాల ట్రక్కు కావాలి. ఫోర్డ్ ఎఫ్-350, రామ్ 3500 వంటివి ఆ అమరికతో లభిస్తాయి. క్యాంపర్ గరిమనాభి వెనుక ఇరుసుకు ముందే పడాలి. వెనక్కి జరిగితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. కొన్న తరువాత నీరు నింపి, అందరినీ కూర్చోబెట్టి, వేబ్రిడ్జిపై ఒక్కొక్క ఇరుసు బరువూ తూయించాలి.

పెద్ద ట్రక్కుకు వడ్డీ అప్పు తప్పదంటే చిన్న క్యాంపర్‌తో తృప్తి పడమన్నాము. బండిలోని కుటుంబమే కాదు, ఎదురుగా వచ్చేవారి ప్రాణాలు కూడా డ్రైవరు చేతిలో అల్లాహ్ ఉంచిన అమానతే. ఆ అమానతు ముందు విలాసం ఏపాటిది?