నొప్పుల వేళ పక్కన ఒక మనిషి

స్టాఫ్ నర్సుగా నేను మొదట పనిచేసిన ఆసుపత్రిలో కాన్పు గది లైట్లన్నీ రాత్రంతా వెలుగుతూనే ఉండేవి. తల్లి వచ్చినా, అత్త వచ్చినా గుమ్మం దగ్గరే ఆపేసేవాళ్లం. లోపల కాన్పుకొచ్చిన పిల్ల వెల్లకిలా పడుకుని, పక్క మంచం మీది కేకలు వింటూ బిగుసుకుపోయేది. "అరవకు" అని నేనూ కసిరాను. ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. నొప్పులు తెచ్చే ఆక్సిటోసిన్ పనికి అది అడ్డు పడుతుంది. కాన్పు సాగదు, బిగిసిన ఒంటికి బాధ మాత్రం ఎక్కువవుతుంది.

మొన్నొక తొలిచూలు పిల్ల వచ్చింది. లైటు తగ్గించి, తెర లాగాం. నొప్పి వచ్చినప్పుడల్లా కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగేది. వాళ్లమ్మ కూతురి నడుము మీద అరచేత్తో గట్టిగా అదిమేది. "మెల్లగా ఊపిరి వదులమ్మా" అంటూ నేనూ తనతోపాటు వదిలాను. నొప్పి పోలేదు. కానీ నొప్పికీ నొప్పికీ మధ్య తల్లి భుజం మీద కాస్త కునుకు తీసింది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక ఆడతోడును రానివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. 15 వేల మందికి పైగా స్త్రీలపై జరిగిన 26 అధ్యయనాలను 2017లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షించింది. వెంట ఎప్పుడూ ఒకరున్న వాళ్లకు సిజేరియన్లు, నొప్పి మందుల అవసరం తగ్గాయని తేలింది.

తోడున్నా నొప్పి తట్టుకోలేక, నడుము దగ్గర ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తుమందు అడిగితే అది పిరికితనం కాదు, ఎవరూ తప్పుపట్టకండి. ఏడో నెలలోనే మీ ఆసుపత్రిలో అడగండి: లోపలికి ఎవరిని రానిస్తారు, నొప్పుల్లో నడవనిస్తారా అని.