గోష్ఠపాల్: చీనా ప్రాకారము

ఫుట్‌బాల్ క్రీడలో గోలు కొట్టినవానికి కీర్తి సులభముగా లభించును. గోలు పడకుండ నడ్డుకొన్నవానికి లభించుట యరుదు. కలకత్తాలోని మోహన్ బగాన్ క్లబ్బునకు వెనుకవరుస రక్షకుడైన గోష్ఠపాల్ (1896–1976) అట్టి కీర్తి నార్జించెను. ఆయన 1912 మొదలు 1935 వఱకు ఆ క్లబ్బు పక్షమున నాడెను. అభిమాను లాయనను ‘చీనా ప్రాకార’ మని పిలిచిరి.

ఈ యభిమానమునకు మూల మేమి? నాడు తెల్లదొరల జట్లు బూట్లు తొడిగి యాడెడివి. మనవారిలో పెక్కండ్రు వట్టికాళ్లతోనే యెదుర్కొనెడివారు. పాలకులకును పాలితులకును గల తారతమ్య మా మైదానమున కన్నులకు గట్టినట్లుండెడిది. బూటుకాలికి జంకక నిలిచిన యా వట్టికాళ్లలో ప్రేక్షకులు తమ జాతి గౌరవమును జూచుకొనిరి. కావుననే ఆయన యాట చాలించిన పిదపను వారి యాదరము తఱుగలేదు.

1962లో భారత ప్రభుత్వ మాయనకు పద్మశ్రీ నొసంగెను. ఫుట్‌బాల్ ఆటగాండ్రలో ఆ గౌరవ మందిన ప్రథము డాయనయే. 1998లో ఆయన పేర తపాలా బిళ్ల వెలువడెను. ఈడెన్ గార్డెన్స్ చెంత నాయన విగ్రహము నేటికిని గలదు. ఆయన యాటను కన్నులార జూచినవా రిప్పు డరుదు. అయినను తాతలవలన విన్న మనుమలు ఆ పేరును మన్నించుచున్నారు. ఆపదలో తమకు అడ్డునిలిచినవానిని జనులు మఱవరు.