ఒక పన్ను కోసం రెండు పళ్లా?

దసరా సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎడమవైపు కింది దవడలో పెద్ద పన్ను రెండేళ్ల కిందటే పీకించేసుకుంది. అప్పట్లో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలబడుతుందన్నారు. కానీ అది నా ఫస్టియర్ ఫీజు కట్టాల్సిన నెల. "పోతే పోయింది, రెండో వైపు నమలొచ్చులే" అంది. అప్పట్నుంచీ ఆ వైపు జంతిక ముక్క పెట్టి ఎరగదు.

డాక్టరు ఎక్స్‌రే చూసి బ్రిడ్జి వేద్దామన్నారు. ఖాళీకి ముందున్న పన్నునీ వెనకున్న పన్నునీ అరగదీసి, వాటి మీద తొడుగులు, మధ్యలో కొత్త పన్ను, మూడూ కలిపి ఒకే ముక్కగా అతికిస్తారు. బయటికొచ్చి ఆటో ఎక్కాక అమ్మ అడిగింది: "లేనిది ఒక్క పన్ను. దానికోసం ఉన్న రెండు పళ్లు అరగదీయడమేంట్రా? నువ్వు చదివేది బ్రిడ్జిల చదువే కదా, చెప్పు."

నేను సివిల్ థర్డ్ ఇయర్. అయినా నోరు పెగల్లేదు. హాస్టల్‌కొచ్చాక, డెంటల్ కాలేజీలో చదివే నా స్కూలు ఫ్రెండ్ దగ్గర పుస్తకాలు అడిగి తీసుకుని చదివాను. అందులో సగం మన ఎస్.ఓ.ఎం. సిలబసే!

ముందు ఒక సంగతి. పళ్లు గోడలో ఇటుకల్లా బిగించి లేవు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందాన నారలాంటి పొర ఉంటుంది. పన్ను దాని మీద వేలాడుతున్నట్టే లెక్క. పక్క పన్ను ఆనుకుని, ఎదుటి పన్ను తగులుతూ ఉన్నంతకాలం ఎక్కడివక్కడ ఉంటాయి. ఒకటి పోతే వెనకది ఖాళీలోకి ఒరుగుతుంది, పైది కిందికి దిగుతుంది, ఖాళీ కింద ఎముక కూడా తరుగుతుంది. ఇదంతా నొప్పి లేకుండా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎక్స్‌రేలో అమ్మ వెనక పన్ను ముందుకి వాలి ఉండటం నాక్కూడా కనిపించింది.

ఇక బ్రిడ్జి. పక్క పళ్లు రెండూ పియర్లు. మధ్యలో వేలాడే పన్నుని పాంటిక్ అంటారు, లాటిన్‌లో వంతెన అనే మాట నుంచి వచ్చిన పేరు. పాంటిక్ కింద వేరు ఉండదు, చిగురుని తాకీ తాకనట్టు ఉంటుంది. అంటే దాని మీద పడే బరువంతా పక్క రెండు వేళ్లలోకి దిగాల్సిందే. వయసులో ఉన్నవాళ్లు దవడ పళ్లతో గట్టిగా కొరికితే ఆ బలం 500 నుంచి 700 న్యూటన్ల దాకా ఉంటుంది. ఒక మనిషి పన్ను మీద నిలబడ్డట్టే!

పునాది చాలుతుందా లేదా చూడ్డానికి డాక్టర్లకీ ఒక సూత్రం ఉంది. 1926లో ఆంటే అనే ఆయన చెప్పాడు: మోసే పళ్ల వేళ్ల ఉపరితల వైశాల్యం, పోయిన పళ్ల వేళ్ల వైశాల్యానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. పుస్తకంలో ఇచ్చిన సగటు విలువలు వేసి చూశాను. అమ్మకి పోయిన పన్ను వేరు 431 చదరపు మిల్లీమీటర్లు. ముందుది 207, వెనకది 426, మొత్తం 633. పాస్! అదే ముందు పన్ను కూడా పోయుంటే పోయినవి 638, మోసేవి 606. ఇప్పుడు దీన్ని కచ్చితమైన నియమంగా కాక అంచనాగానే వాడతారు. అయినా ఇంకొక్క పన్ను పోతే లెక్క ఎలా తిరగబడుతుందో తెలుస్తుంది.

రెండో లెక్క మనందరికీ తెలిసిందే. బీమ్ వంగడం పొడవు ఘనానికి అనులోమం. ఒక పన్ను ఖాళీని దాటే బ్రిడ్జి కంటే రెండు పళ్ల ఖాళీది ఎనిమిది రెట్లు, మూడింటిది ఇరవై ఏడు రెట్లు వంగుతుంది. మందం సగం చేస్తే మళ్లీ ఎనిమిది రెట్లు. పన్ను పైభాగం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల దాకా అరగదీసేది ఈ మందానికి చోటు కోసమే. అరగదీయకుండా తొడుగు వేస్తే అది పలచనైనా అవ్వాలి, ఎదుటి పన్నుకి ముందే తగలనైనా తగలాలి.

ఇంకో చిక్కు ఉంది. మూడు పళ్లూ ఒకే ముక్క కాబట్టి రెండు పియర్ల మీదికీ ఒకే దారిలో, సొరుగు దిగినట్టు దిగాలి. వెనక పన్ను వాలిపోయింది కాబట్టి దాన్ని ఒక పక్క ఎక్కువ అరగదీయాలి. లోపలున్న నరానికి అంత దగ్గరగా వెళ్తారన్నమాట. రెండేళ్ల కిందటే వేయించి ఉంటే ఇంత అరగదీత ఉండేది కాదు. ఈ మాట అమ్మకి చెప్పలేదు. చెబితే ఫీజు సంగతి వస్తుంది.

మెకానికల్ వాళ్లకి ఒక ముచ్చట. ఇప్పుడు చాలా బ్రిడ్జిలు జిర్కోనియాతో చేస్తున్నారు. యిట్రియా కలిపిన ఇదే పదార్థాన్ని గ్యాస్ టర్బైన్ బ్లేడ్లకి వేడి తగలకుండా పూతగా వేస్తారు. పగులు మొదలవగానే దాని కొన దగ్గరి స్ఫటికాలు రూపం మార్చుకుని ఉబ్బి, ఆ పగులునే నొక్కి ఆపుతాయి. ల్యాబ్‌లో ముందు పెద్ద సైజులో మిల్లింగ్ చేసి, 1500 డిగ్రీలకి దగ్గరగా కాలుస్తారు, అప్పుడు అసలు కొలతకి కుంచించుకుంటుంది. లోపల లోహం, పైన పింగాణీ ఉండే పాత రకం కూడా బాగానే మన్నుతుంది.

మరి అమ్మ ప్రశ్న? అరగదీయకుండా చేసే దారులూ ఉన్నాయి. పక్క పన్ను వెనకవైపు రెక్కలు అతికించే మేరీల్యాండ్ బ్రిడ్జి ఉంది కానీ, అది ముందు పళ్లకి నప్పినట్టు దవడ పళ్ల బరువుకి నప్పదు. ఇంకోటి ఇంప్లాంట్. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని గమనించిన స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్ 1965లో మొదటిసారి మనిషికి అమర్చాడు. పక్క పళ్ల జోలికి వెళ్లదు. పక్కవి రెండూ నిక్షేపంలా ఉంటే నేనైతే అదే మంచిదంటాను. ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు కదా. కానీ ఖర్చు ఎక్కువ, నెలలు పడుతుంది, అమ్మకి ఆపరేషన్ మాటంటేనే గుండె దడ.

మళ్లీ డాక్టరుకి ఫోన్ చేసి అడిగితే అసలు విషయం తెలిసింది. వాలిన వెనక పన్నులో పాత ఫిల్లింగ్ పెద్దది ఉంది, దానికి ఎలాగూ క్యాప్ వేయాల్సిందే. అంటే నిజంగా బలయ్యే మంచి పన్ను రెండు కాదు, ఒక్కటే. అమ్మకి అదే చెప్పాను. కాసేపాగి "ఎన్నాళ్లుంటుంది?" అంది. పదేళ్లయినా పదింట తొమ్మిది దాకా నిలుస్తున్నాయని చదివాను. పాడైతే మాత్రం ఎక్కువగా విరిగి కాదు, తొడుగు అంచు కింద పియర్ పుచ్చిపోయి. పియర్ కింద మట్టి కొట్టుకుపోయి కూలే వంతెనల్లాగే. మూడూ కలిసి ఉంటాయి కాబట్టి పళ్ల మధ్యకి మామూలు దారం పైనుంచి దిగదు. కొన గట్టిగా ఉండే ప్రత్యేకమైన దారాన్ని పాంటిక్ కిందనుంచి దూర్చి రోజూ లాగాలి.

"సూదిలో దారం ఎక్కించినట్టేగా, అదెంతసేపు" అంది అమ్మ. సంక్రాంతికి కొలతలు తీసుకుంటారు. వచ్చేటప్పుడు ఆ దారం రెండు ప్యాకెట్లు పట్టుకు రమ్మంది.