నాన్న బండికి రేసింగ్ సైలెన్సరా?

నాన్న ఆర్ఎక్స్ 100 ఉదయగిరిలో మా వీధి మలుపు తిరిగేలోపే అమ్మ టీకి స్టవ్ వెలిగించేది. ఆ సౌండే మా ఇంటి కాలింగ్ బెల్!

98 సీసీ, టూ స్ట్రోక్. 1996లో తయారీ ఆగినా క్రేజ్ తగ్గని బండి. నాన్న పోయాక నా చేతికొచ్చింది. ఈమధ్య ఎత్తు ఎక్కాలంటే మొరాయిస్తోంది. 'రేసింగ్ సైలెన్సర్ వేయించరా, అదిరిపోద్ది' అన్నారు ఫ్రెండ్స్. డబ్బులు జేబులో పెట్టుకుని ఆత్మకూరు వెళ్లా.

పాత మెకానిక్ నవ్వాడు. 'టూ స్ట్రోక్‌కి సైలెన్సరంటే సగం ఇంజిన్ అబ్బయా!'

నిజమే. ఇందులో కాలని పెట్రోలు కొంత పొగతోపాటు బయటికి జారిపోతుంది. పైపు లోపలి ఆకారం ఒత్తిడిని వెనక్కి కొట్టి, దాన్ని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. కొలత కుదరని పైపు బిగిస్తే మోత పెరిగి, లాగుడు తగ్గుతుంది. పైగా శబ్దం హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద రూ.10 వేల వరకూ ఫైన్, 3 నెలల వరకూ జైలు కూడా!

'మరి బండి లాగట్లేదే?' అన్నా. ఆయన సైలెన్సర్ చివర స్క్రూ విప్పి బఫిల్ లాగాడు. నిండా మసి, గడ్డకట్టిన ఆయిల్. కాల్చి, దులిపి, బిగించాడు. అంతే, దారిలో ఎత్తులన్నీ హాయిగా ఎక్కేసింది.

మీదీ పాత టూ స్ట్రోకేనా? కొత్త పైపు కొనేముందు బఫిల్ తీసి చూడండి.

ఇంటికెళ్లేసరికి అమ్మ వాకిట్లో నిలబడి ఉంది. లోపల స్టవ్ మీద టీ మరుగుతోంది.